22 నిమిషాల టెంప్లేట్ రెండు నిమిషాల లోపుకు దిగింది: ఎమ్మిగనూరు, ఆదోనిలో రెండు చిన్న స్టూడియోల కథ

పోయినేడు ఆషాఢంలో జరిగింది ఇది. శ్రావణం వస్తే మా పక్క ఉరుకుంద ఈరన్న స్వామి దగ్గరికి జనం పోటెత్తుతారు. ఆలోపు ఈరన్న పాటలు నాలుగు తయారుచేసి ఇవ్వాలి. ఎమ్మిగనూరులో మా ఇంటి మిద్దె మీద గదే నా స్టూడియో. పాడటానికి ఆదోని వైపు పల్లె నుంచి ఒక అక్క వచ్చింది. ఆ రోజు కలుపు కూలి వదులుకుని వచ్చింది. రెండు పాటలు పాడి సాయంత్రం ఆరున్నర బస్సుకు వెళ్లిపోవాలి.

మొదటి పాట బాగా కుదిరింది. రెండో పాట పల్లవి ఎత్తుకుందో లేదో, కరెంటు పోయింది. ఫ్యాన్ ఆగకముందే ఇన్వర్టర్ అందుకుంది. లైటు కూడా ఆరలేదు. కంప్యూటర్ మాత్రం రీస్టార్ట్ అయింది.

రీస్టార్ట్ అయితే ఏముంది, మళ్లీ తెరిస్తే సరిపోతుంది కదా అనుకుంటారు. నా టెంప్లేట్ తెరుచుకోవడానికి పట్టేది 22 నిమిషాలు. అక్క రెండుసార్లు అడిగింది, "మీ పెట్టె ఇంకా నిద్ర లేయలేదా నాయనా?" అని. నేను "ఇంకో ఐదు నిమిషాలక్కా" అని అబద్ధం చెప్పాను. తీరా లోడ్ అయ్యి, హెడ్‌ఫోన్స్ పెట్టి, మళ్లీ మొదలుపెట్టిన పది నిమిషాలకు ఇంకోసారి కరెంటు పోయింది. ఇక ఆమె లేచి బస్సుకు వెళ్లిపోయింది. వారం తర్వాత ఇంకో రోజు కూలి పోగొట్టుకుని వచ్చి పాడింది. రెండు రోజుల కూలి డబ్బులు ఇచ్చాను గానీ, మొదటి రోజు ఎత్తుకున్న ఆ పల్లవి ఆమెకు కూడా మళ్లీ అలా రాలేదు.

గొంతు రికార్డ్ చేయడానికి టెంప్లేట్ మొత్తం ఎందుకు, ట్రాక్ బౌన్స్ చేసి ఖాళీ ప్రాజెక్టులో పాడించొచ్చు కదా అని మీలో కొందరు ఇప్పటికే అనుకుని ఉంటారు. కరెక్టే. కానీ జానపదం పాడేవాళ్లు మనం అనుకున్న శ్రుతిలో పాడరు, వాళ్లకు నచ్చిన శ్రుతిలో పాడతారు. అక్క ఆ రోజు ఒక మెట్టు దించమంది, తర్వాత వేగం కొంచెం పెంచమంది. మిడి నోట్లు మార్చి అప్పటికప్పుడు మళ్లీ వాయించాలంటే వాయిద్యాలన్నీ లోడ్ అయి ఉండాల్సిందే. ఇప్పుడు మాత్రం పాడేవాళ్లు రాకముందే మూడు శ్రుతుల్లో బౌన్స్ చేసి పెట్టుకుంటున్నా. ఈ తెలివి అప్పుడు లేదు.

అసలు ఏం లోడ్ అవుతోంది?

కొత్తవాళ్ల కోసం రెండు ముక్కలు. ప్రతి పాటకూ వయొలిన్లు, ఫ్లూట్, డోలు, డప్పు ఒక్కొక్కటిగా వెతికి పెట్టుకోకుండా, అన్నీ ముందే పేర్చిపెట్టుకున్న ప్రాజెక్టునే టెంప్లేట్ అంటాం. నాది రీపర్‌లో 120 ట్రాకులు. వాయిద్యాల్లో ఎక్కువ భాగం కాంటాక్ట్‌లో నడుస్తాయి. అవన్నీ నేరుగా రీపర్‌లో కాకుండా వియన్నా ఎన్‌సెంబుల్ ప్రో అనే సాఫ్ట్‌వేర్‌లో ఉంటాయి. ఇది వాయిద్యాలకు హోస్ట్. సర్వర్‌లాగా విడిగా నడుస్తుంది, రీపర్ దానికి నోట్లు పంపిస్తే అది శబ్దం తిరిగి పంపిస్తుంది. అదే కంప్యూటర్‌లో నడపొచ్చు, లేదా పక్కనున్న ఇంకో పాత కంప్యూటర్‌లో పెట్టి లాన్ కేబుల్‌తో కలపొచ్చు. ఒక పాట మూసి ఇంకో పాట తెరిచినా వాయిద్యాలు మెమరీలోనే ఉంటాయి. అందుకే సినిమా సంగీతం చేసేవాళ్లలో దీన్ని వాడేవాళ్లు ఎక్కువ. డబ్బు పెట్టలేనివాళ్లకు ఆడియోగ్రిడర్ అని ఉచితంగా దొరికే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ ఉంది. కొంచెం ఓపిక కావాలి, కానీ నెట్‌వర్క్ మీద ప్లగిన్లు నడపడం వరకు పనిచేస్తుంది.

ఒక ఇబ్బంది మాత్రం ఉంది. పాట మూసినప్పుడు మెమరీలో ఉండే వాయిద్యాలు కరెంటు పోతే ఉండవు. స్టూడియోలకు పేరున్న పెద్ద ఊళ్లలో పొద్దున ఒకసారి లోడ్ చేసుకుని టీ తాగొస్తే సరిపోతుందేమో. వానాకాలం గాలికి రోజుకు మూడుసార్లు కరెంటు పోయే చోట లోడింగ్ టైమే అసలు సమస్య.

నేను చేసిన మొదటి తప్పు: ర్యామ్ కొనడం

ఆ రోజు రాత్రే ర్యామ్ ఆర్డర్ పెట్టేశాను. 16 జీబీ ఉన్నది 32 జీబీ చేశాను. యూట్యూబ్‌లో ఎవరిని అడిగినా మొదటి సలహా అదే కదా. ర్యామ్ వచ్చింది, బిగించాను, స్టాప్‌వాచ్ పెట్టి చూశాను. మళ్లీ 22 నిమిషాలే. ఒక్క సెకను కూడా తగ్గలేదంటే నమ్మండి.

తర్వాత చూస్తే అర్థమైంది, టెంప్లేట్ మొత్తం కలిపి వాడుకుంటున్నది 11 జీబీ. పాత 16 జీబీలోనే పట్టేది. పట్టనప్పుడే ర్యామ్ పెంచితే ఉపయోగం. పట్టినదాన్ని త్వరగా నింపడం డిస్కు పని. ర్యామ్ కొనేముందు టాస్క్ మేనేజర్‌లో ఒక్కసారి చూసి ఉంటే ఆ డబ్బు మిగిలేది.

అప్పుడు బుద్ధి తెచ్చుకుని లోడింగ్‌ను ముక్కలుగా కొలిచాను. ప్లగిన్లు లేని ఖాళీ రీపర్ ప్రాజెక్టుకు 20 సెకన్లు. రీపర్ తెరవకుండా సర్వర్ ఫైలు ఒక్కటే లోడ్ చేస్తే 19 నిమిషాలు. రీపర్ వెళ్లి దానితో కనెక్ట్ అవ్వడానికి రెండున్నర నిమిషాలు. అంటే దొంగ సర్వర్ వైపే ఉన్నాడు. మీరు ఏ ఫోరమ్ సలహా పాటించేముందైనా ఈ మూడు నంబర్లు కాగితం మీద రాసుకోండి.

కాపీ చేస్తే 100, లోడ్ చేస్తే 12

సాంపుల్స్ అన్నీ 2 టీబీ పోర్టబుల్ హార్డ్ డిస్కులో ఉన్నాయి. దాని మీద నాకు అనుమానమే రాలేదు. సినిమా ఫైలు కాపీ చేస్తే సెకనుకు 100 ఎంబీ దాకా వస్తోంది. ఆ లెక్కన 11 జీబీ రెండు నిమిషాల్లోపే రావాలి కదా?

విండోస్‌లో రిసోర్స్ మానిటర్ తెరిచి, డిస్క్ ట్యాబ్ చూస్తూ టెంప్లేట్ లోడ్ చేశాను. డిస్కు 100 శాతం బిజీ. వస్తున్న వేగం మాత్రం 10 నుంచి 14 ఎంబీ. ప్రాసెసర్ ఖాళీగా కూర్చుంది.

కారణం ఏమిటంటే, సినిమా ఒకే పెద్ద ఫైలు, డిస్కు వరసగా చదువుకుంటూ పోతుంది. కాంటాక్ట్ అలా చదవదు. 1998లో వచ్చిన గిగాశాంప్లర్ నాటి నుంచి శాంప్లర్లది ఒకటే పద్ధతి: ప్రతి నోటు మొదటి చిన్న ముక్కను మాత్రమే ర్యామ్‌లో పెట్టుకుని, మీట నొక్కాక మిగతాది డిస్కు నుంచి అప్పటికప్పుడు తెచ్చుకుంటాయి. ఆ ముక్క సైజు కాంటాక్ట్‌లో మామూలుగా 60 కేబీ. వేల నోట్లు, ఒక్కో నోటుకు మెల్లగా, గట్టిగా వాయించిన రకాలు. అంటే డిస్కులో లక్ష చోట్లకు వెళ్లి తలా ఒక చిటికెడు తేవాలి. తిరిగే డిస్కులో తల ఒక చోటి నుంచి ఇంకో చోటికి కదలడానికి ప్రతిసారీ పది పదిహేను మిల్లీసెకన్లు పోతాయి. సెకనుకు డెబ్బై ఎనభై ముక్కలు, పక్కపక్కనే ఉంటే ఇంకొన్ని. మా ఆదోని మార్కెట్ యార్డులో ఒక లారీ పత్తి ఒకేసారి దించుకోవడానికీ, ఊరూరా తిరిగి గుప్పెడు గుప్పెడు ఏరుకురావడానికీ ఉన్నంత తేడా.

ఎస్‌ఎస్‌డీలో కదిలే తల ఉండదు కాబట్టి ఆ బాధ లేదు. కానీ నేను వెంటనే కొనలేదు. ర్యామ్ దెబ్బ ఇంకా మానలేదు. ముందు డబ్బు ఖర్చు లేనివి చూద్దామనుకున్నా.

ఖర్చు లేని రెండు పనులు

మొదటిది పూర్తిగా నా నిర్వాకమే. రెండేళ్లుగా మా చుట్టుపక్కల పల్లెల్లో డప్పులు, ఉరుములు, చెక్క భజన చెక్కల శబ్దాలు నేనే రికార్డ్ చేసుకుని కాంటాక్ట్ వాయిద్యాలుగా తయారుచేసుకున్నాను. అప్పట్లో డి డ్రైవ్‌లో ఉండేవి. తర్వాత పోర్టబుల్ డిస్కులోకి లాగేశాను. వాయిద్యం ఫైలులో మాత్రం పాత అడ్రసే రాసి ఉంది. లోడ్ చేసిన ప్రతిసారీ కాంటాక్ట్ పాత ఇంటికి వెళ్లి తలుపు కొట్టి, లేరని తెలుసుకుని, డిస్కంతా వెతికి పట్టుకొస్తోంది. చివరికి దొరుకుతున్నాయి కాబట్టి ఎర్రర్ కనిపించడం లేదు, టైం మాత్రం పోతోంది.

దీనికి మందు కాంటాక్ట్‌లోనే ఉంది, బ్యాచ్ రీసేవ్ అంటారు. ఫైల్ మెనూలో ఉంటుంది. ఫోల్డర్ చూపిస్తే అందులోని వాయిద్యాలన్నిటినీ తెరిచి, కొత్త అడ్రసులు రాసి సేవ్ చేస్తుంది. ముందు ఫోల్డర్‌ను బ్యాకప్ తీసుకోండి, ఎందుకంటే పాత ఫైళ్ల మీదే రాస్తుంది. రీసేవ్ చేశాక కొత్త ఫైళ్లనే టెంప్లేట్‌లో మళ్లీ లోడ్ చేసి సర్వర్ ఫైలు కూడా సేవ్ చేయాలి. ఈ చివరి మెట్టు మర్చిపోయి ఒక పూట పోగొట్టుకున్నా. 19 నిమిషాలు 15 అయింది.

రెండోది యాంటీవైరస్. తెరిచే ప్రతి ఫైలునూ అది ఒకసారి తడిమి చూస్తుంది. సాంపుల్స్ ఫోల్డర్‌ను మినహాయింపుల జాబితాలో పెడితే ఆ తడమడం ఆగుతుంది. 15 కాస్తా 13 అయింది. ఒక మాట: ఆ ఒక్క ఫోల్డరే పెట్టండి, మొత్తం డ్రైవ్ కాదు, డౌన్‌లోడ్స్ అసలే కాదు. క్రాక్ చేసిన లైబ్రరీలు దించుకునేవాళ్లయితే ఈ చిట్కా మీకు కాదు. ఆ జిప్ ఫైళ్లలో వాయిద్యంతో పాటు ఇంకేం వస్తుందో ఎవరికీ తెలియదు. బీబీసీ సింఫనీ ఆర్కెస్ట్రా డిస్కవర్, స్పిట్‌ఫైర్ ల్యాబ్స్ లాంటివి ఉచితంగానే వస్తుంటే ఆ గొడవ ఎందుకు?

తర్వాతే ఎస్‌ఎస్‌డీ

1 టీబీ సాటా ఎస్‌ఎస్‌డీ తీసుకున్నా. ఎన్‌వీఎంఈ కాదు, నా పాత బోర్డులో ఆ స్లాటే లేదు. 13 నిమిషాలు 2 నిమిషాల 50 సెకన్లకు పడిపోయింది. ఇప్పుడు మళ్లీ రిసోర్స్ మానిటర్ చూస్తే బొమ్మ తిరగబడింది. డిస్కు తీరిగ్గా ఉంది, ప్రాసెసర్ చెమటలు కక్కుతోంది. కాంటాక్ట్ లైబ్రరీల్లో చాలా వాటి సాంపుల్స్ కుదించిన రూపంలో ఉంటాయి, వాటిని విప్పే పని ప్రాసెసర్‌ది. అందుకే సాటా నుంచి ఎన్‌వీఎంఈకి వెళ్తే పేపర్ మీద ఐదారు రెట్లు కనిపించే వేగం లోడింగ్‌లో అంతగా కనిపించదు. కొత్త సిస్టమ్ కొనేవాళ్లు ఎలాగూ ఎన్‌వీఎంఈనే తీసుకుంటారు, మంచిదే. సాటా ఉన్నవాళ్లు దాన్ని పారేసి మార్చుకోనక్కర్లేదు.

ఎస్‌ఎస్‌డీ వచ్చాక ఇంకో తలుపు తెరుచుకుంది. ఇందాక చెప్పిన 60 కేబీ ముక్క నిదానమైన డిస్కులను దృష్టిలో పెట్టుకుని ఉంచిన సైజు. కాంటాక్ట్ ఆప్షన్స్‌లో మెమరీ ట్యాబ్‌కు వెళ్లి ప్రీలోడ్ బఫర్ సైజు తగ్గించుకోవచ్చు. నేను ముందు ఆశపడి 6 కేబీ పెట్టాను. డప్పు దరువు వేగం అందుకోగానే టపటపమని చిటపటలు మొదలయ్యాయి. 12కు పెంచితే నిమ్మళించింది. 11 జీబీ వాడకం 4 జీబీకి దిగింది, లోడింగ్ నిమిషం 20 సెకన్లయింది. నేను కొన్న అదనపు ర్యామ్ ఇప్పుడు పూర్తిగా దండగ. నవ్వుకోండి.

ఇంకా తగ్గించాలంటే పర్జ్ ఉంది. వాయిద్యంలోని సాంపుల్స్ అన్నిటినీ ఖాళీ చేసి సేవ్ చేస్తే, మీట నొక్కినప్పుడు ఆ నోటు మాత్రమే వస్తుంది. రోజూ వాడని వాయిద్యాలకు బాగుంటుంది. డప్పుకు మాత్రం పెట్టను, మొదటి దెబ్బ మింగేస్తే దరువు పోతుంది.

ఆదోని వెళ్తే నా చిట్కాలు ఒక్కటీ పారలేదు

ఇంత చేశాక నాకు కొమ్ములొచ్చాయి. ఆదోనిలో బట్టల అంగళ్ల వెనక సందులో ఒక తమ్ముడికి స్టూడియో ఉంది. పెళ్లి వీడియోలకు సంగీతం, బంగారు అంగళ్లకు ప్రకటనలు చేస్తుంటాడు. తనది కూడా స్లో అని చాలా రోజులుగా మొత్తుకుంటున్నాడు. మా ఊరికి రైలు లేదు కాబట్టి బైకేసుకుని పోయాను, ఒక ఆదివారం.

"హార్డ్ డిస్కు తీసేయ్ రా" అన్నాను కూర్చోకముందే.

"నాది ఎస్‌ఎస్‌డీనే అన్నా. రెండేండ్లాయ."

బఫర్ చూస్తే 18కే పెట్టుకున్నాడు. యాంటీవైరస్ మినహాయింపు ఉంది. నా సరుకంతా అయిపోయింది. "మరి యాడ స్లో అవుతాండాది?" అంటే చూపించాడు. అతనిది లాప్‌టాప్‌లో క్యూబేస్, బల్ల కింద పాత డెస్క్‌టాప్‌లో వియన్నా సర్వర్. లోడింగ్ ఒక ఎత్తు, పని మధ్యలో ప్రతి ఐదు నిమిషాలకోసారి అరనిమిషం బిగుసుకుపోవడం ఇంకో ఎత్తు. టైం చూసుకుంటే అది సరిగ్గా ఆటోసేవ్ నడిచే సమయం. కరెంటు భయంతో ఆటోసేవ్ ఐదు నిమిషాలకు పెట్టుకున్నాడు పాపం.

ప్రాజెక్టు ఫైలు సైజు చూస్తే 400 ఎంబీ దాటింది. మిడి నోట్లు, కొన్ని సెట్టింగులు ఉండే ఫైలుకు అంత బరువేంటి? వియన్నాలో మామూలుగా సర్వర్‌లోని వాయిద్యాల సెట్టింగులన్నీ క్యూబేస్ ప్రాజెక్టులో కూడా కలిసి సేవ్ అవుతాయి. సేవ్ చేసిన ప్రతిసారీ ఆ మూట అంతా డెస్క్‌టాప్ నుంచి లాప్‌టాప్‌కు రావాలి, తెరిచినప్పుడు తిరిగి పోవాలి. ప్లగిన్ విండోలో డీకపుల్ అని బటన్ ఉంటుంది. అది నొక్కితే ఎవరి ఫైలు వాళ్లది. నొక్కి సేవ్ చేస్తే ప్రాజెక్టు కొన్ని ఎంబీలకు దిగింది, ఆటోసేవ్ ఎప్పుడు అయిందో కూడా తెలియడం లేదు. దాని పక్కనే ప్రిజర్వ్ కూడా పెట్టాం, పాట మూసినా సర్వర్‌లో వాయిద్యాలు దిగిపోకుండా.

డీకపుల్‌కు ఒక ముల్లు ఉంది. సర్వర్ వైపు ఏం మార్చినా అక్కడికి వెళ్లి విడిగా సేవ్ చేయాలి. తమ్ముడు మూడో రోజే మర్చిపోయి ఒక మిక్స్ బ్యాలెన్స్ అంతా పోగొట్టుకున్నాడు. పొద్దున్నే ఫోన్ చేసి నన్ను తిట్టాడు.

ఇంకో బాధ, అవుట్‌పుట్లు ఎక్కువైతే చిటపటలు. నెట్‌వర్క్ అడాప్టర్ స్టేటస్ తెరిస్తే స్పీడ్ 100 ఎంబీపీఎస్ అని ఉంది, గిగాబిట్ పోర్టులుండి కూడా. 48 కిలోహెర్ట్జ్, 32 బిట్‌లో ఒక్క స్టీరియో అవుట్‌కు సెకనుకు 3 మెగాబిట్లకు పైనే కావాలి. అతనివి 32 అవుట్‌పుట్లు. దారి నిండిపోయింది. గిగాబిట్‌కు కేబుల్‌లోని నాలుగు జతల తీగలూ ఆడాలి, 100కు రెండు జతలు చాలు. ఎవరో చేత్తో కొట్టిన క్లిప్పులో ఒక జత సరిగా తగలక, కనెక్షన్ నోరు మూసుకుని 100కు దిగిపోయింది. కొత్త క్యాట్ 6 కేబుల్ తెచ్చి, రౌటర్ మధ్యలో లేకుండా రెండింటినీ నేరుగా కలిపి, 192.168.10.1, 192.168.10.2 అని అడ్రసులు ఇచ్చాం. 1 జీబీపీఎస్ అని చూపించింది, చిటపటలు పోయాయి. రెండొందల కేబుల్ కోసం ఏడాది బాధపడ్డాడు. ఈ పనికి వైఫై మాత్రం వాడకండి.

సాయంత్రం ఇంటికొచ్చి నా దాంట్లోనూ డీకపుల్ నొక్కాను. కనెక్ట్ అవ్వడానికి పట్టే రెండున్నర నిమిషాలు పది సెకన్లయ్యాయి. మొత్తం కలిపి రెండు నిమిషాల లోపు.

ముందే చూడాల్సిన స్విచ్

ఇదంతా అయ్యాక అసలు ప్రశ్న వచ్చింది, అదీ మా నాన్నకు. "ఫ్యాను ఆగలేదు, లైటు ఆరలేదు, కంప్యూటర్ ఒక్కటే ఎందుకు ఆగాల రా?"

ఇంట్లో వాడే ఇన్వర్టర్లలో చాలావాటికి ముందో వెనకో ఒక చిన్న స్విచ్ ఉంటుంది. ఒకవైపు నార్మల్ లేదా ఎకో, ఇంకోవైపు యూపీఎస్. నార్మల్‌లో కరెంటు నుంచి బ్యాటరీకి మారడానికి కొంచెం ఎక్కువ సమయం తీసుకుంటుంది. ఫ్యాన్‌కు అది తెలియదు, కంప్యూటర్ పవర్ సప్లై మాత్రం తట్టుకోలేదు. యూపీఎస్ మోడ్‌లో ఆ మార్పు చాలా వేగంగా జరుగుతుంది. మాది కొన్న రోజు నుంచీ నార్మల్‌లోనే ఉంది. స్విచ్ జరిపి, పాట తెరిచి ఉంచి మెయిన్ ఆపేశాను, గుండె చేత్తో పట్టుకుని. కంప్యూటర్ ఆగలేదు.

ఈ ఏడు ఆషాఢంలో అదే అక్క మళ్లీ వచ్చింది. పాట మధ్యలో కరెంటు పోయింది, ఆమె ఆపబోతే చేత్తో పాడమని సైగ చేశాను.

ఆదోని తమ్ముడి ఇంట్లో మాత్రం ఇది కుదరలేదు. యూపీఎస్ మోడ్‌లో ఇన్వర్టర్ ఒప్పుకునే వోల్టేజ్ హద్దు చిన్నది, ఇంచుమించు 180 నుంచి 260 వోల్టులు. వాళ్ల వీధిలో సాయంత్రం వోల్టేజ్ అంతకంటే కిందికి దిగుతుంది. కరెంటు ఉండగానే ఇన్వర్టర్ టకటకమని బ్యాటరీకి మారుతూ రాత్రికి బ్యాటరీ ఖాళీ చేసేస్తోంది. మళ్లీ నార్మల్‌కే మార్చుకుని, బల్ల కింది డెస్క్‌టాప్‌కు మటుకు విడిగా 600 వీఏ యూపీఎస్ ఒకటి పెట్టాడు. లాప్‌టాప్‌కు ఎలాగూ సొంత బ్యాటరీ ఉంది. మానిటర్ దానికి తగిలించొద్దని చెప్పాను. తగిలించాడు. మొన్న కరెంటు పోతే నాలుగు నిమిషాలకే యూపీఎస్ కూతపెట్టిందంట. ఇప్పుడు తీసేశాడు.